నడుమ పచ్చ

నా పనిబల్ల సొరుగులో ఒక పతకం ఉంది. చుట్టూ రంగురాళ్ళు, నడుమ ఖాళీ గుంట. నగ నమూనా గీయించుకోవడానికి వచ్చినవాళ్ళ కంట ఎప్పుడైనా పడితే, "అయ్యో, రాయి ఊడిపోయిందే!" అంటారు. ఊడిపోలేదు, అసలు పెట్టనే లేదు అంటాను. ఇన్నేళ్ళ నుంచీ రాళ్ళతోనే బతుకుతూ దీనికి ఒక్క రాయి దొరకలేదా అని నవ్వుతారు. నాకు ఒళ్ళు మండుతుంది. కానీ ఇంటికొచ్చినవాళ్ళతో తగువేం పెట్టుకుంటాం? సొరుగు మూసేస్తాను.

మాది రాయపురం. తాతల కాలం నుంచీ అక్కడే. మద్రాసు మనదా వాళ్ళదా అని గోడల మీద రాసిన రాతలు ఇంకా పూర్తిగా వెలిసిపోని రోజులవి. ఊరు ఎవరిదైతేనేం, వీధిలో చేపల వాసన మాత్రం అందరిదీను. మా ఇంటి ముందుగదే నాన్న పనిగది. ఆయన బంగారు పని చేసేవాడు, రాళ్ళు పొదిగేవాడు. పొదగడంలో ఆయన చేతికి పేరుంది. కానీ ఏ రాయి పక్కన ఏ రాయి కూర్చోవాలో చెప్పేది మా అమ్మ.

అమ్మది నెల్లూరు దగ్గర పల్లెటూరు. పెళ్ళయి వచ్చేదాకా కెంపుకీ గాజుపూసకీ తేడా తెలీదని తనే చెప్పుకునేది. వచ్చాక నేర్చుకుంది. ఇత్తడి పళ్ళెంలో మైనం కరిగించి పోసి, అది గట్టిపడ్డాక పొద్దున్నే గడప దగ్గర వెలుతుర్లో కూర్చుని, రాళ్ళను ఒక్కొక్కటే మైనంలోకి నొక్కుతూ నగ కూర్చేది. నాన్న లెక్కలో ఎడమకి ఎంతో కుడికీ అంతే ఉండాలి. అమ్మ కూర్పులో ఆ తూకం ఉండేది కాదు. తేనెరంగు గోమేధికం పక్కన పాలిపోయిన చంద్రకాంతాన్ని పెట్టేది, దాని పక్కన అంచు విరిగిందని నాన్న పారేసిన నీలాన్ని పెట్టేది. ముందు పిచ్చిగా కనిపించేది. చూస్తూ ఉంటే కళ్ళు తిప్పుకోలేకపోయేవాళ్ళం.

ఇంకో వింత, అందరూ నడుమ రాయి ముందు పెట్టి చుట్టూ కూర్చుకుంటూ పోతారు. అమ్మ అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి వచ్చేది. నడుమ రాయి అన్నిటికన్నా చివర. ఇదేం పద్ధతి అని నాన్న ఎగతాళి చేస్తే, "పందిరేసి, చుట్టాలందరూ వచ్చినాక గదా పెళ్ళికూతుర్ని పీట మీద కూచోబెట్టేది? ముందే తెచ్చి కూచోబెడితే ఏం కళ?" అనేది. నేనూ ఇప్పటికీ అలాగే కూరుస్తాను.

నాన్న మంచివాడే. ఒక్కటే జబ్బు, అనుమానం. రాయి తళుకు కాస్త తగ్గితే ఎవరో మార్చేశారనేవాడు. పక్కింటివాళ్ళు గట్టిగా నవ్వితే తన గురించే అనేవాడు. అమ్మ పడీపడీ నవ్వి, "పచ్చకామెర్లోడికి లోకమంతా పచ్చగా కనపడిందంట!" అనేది. ఆ సామెత మా ఇంట్లో ఉప్పూ కారం లాగా రోజూ వాడకంలో ఉండేది. దీన్ని గుర్తుపెట్టుకోండి.

మా ఇంట్లో ఇంకో మనిషి మా అత్త. నాన్నకు అక్క. చిన్నవయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి, తల్లిలేని నాన్నను ఎత్తుకుని పెంచింది. నాన్న భోజనానికి లేచిన వేళ, అంటే మిట్టమధ్యాహ్నం, పనిగది నేల తడమడం అత్త పని. అరచెయ్యి తడిచేసుకుని, నేల మీద ఆ మూల నుంచి ఈ మూలకి సర్... సర్... అని రాస్తూ వచ్చేది. జారిన రాయి, రాలిన బంగారు రజను, ఏదైనా ఆ అరచేతికి అంటుకోవాల్సిందే. చూపు మందగించినా చేతికి మాత్రం కళ్ళుండేవి. ఆ చప్పుడు వింటూ నేను నిద్రపోయేదాన్ని. ఇల్లు భద్రంగా ఉంది అన్నట్టుండేది నాకు.

ఒక ఏడు వానాకాలంలో అమ్మకు జ్వరం తగిలింది. అప్పటికి నా కోసం ఒక పతకం కూరుస్తోంది. ఎప్పటెప్పటివో మిగిలిపోయిన రాళ్ళు, జత దొరకనివి, ఎవరికీ పనికిరానివి దాచి దాచి నాకోసం పళ్ళెంలో పేర్చింది. అంచంతా అయింది, లోపలి వరస అయింది, నడుమ ఒక్కటే మిగిలింది. అప్పుడు మంచాన పడింది. మందులు మింగించినా జ్వరం దిగలేదు. ఏవేవో పలవరించేది. ఎప్పుడో వదిలేసిన పల్లెటూరి మాటలు, చిన్నప్పటి దూడ సంగతులు, వాళ్ళమ్మను పిలవడాలు. చివరి రోజు సాయంత్రం మాత్రం కళ్ళు తెరిచి నన్ను చూసింది. మంచం చుట్టూ నాన్న, అత్త, నేను ఉన్నాం.

"నడుమ పచ్చ పెట్టండి," అంది. "పాప కోసరం దాచిపెట్టినా."

"ఎక్కడ దాచావు?" అని నాన్న అడిగాడు.

"ఈడే. ఈడే ఉండాది," అంది అమ్మ. అంతే. తెల్లారేసరికి లేదు.

కర్మలన్నీ అయ్యాక అత్త నన్ను పిలిచింది. అమ్మ పసుపు కుంకుమ బరిణె దేవుడి మందిరం ముందే ఉంది. "పాపా, ఆ బరిణె నువ్వే తీసి గూట్లో పెట్టమ్మా. నా చెయ్యి తగలగూడదు. ముత్తైదువగా పోయింది మహాతల్లి. ఏడాదినాడు ముత్తైదువలకి పంచేదాకా దాని మూత తీయగూడదు," అంది. అత్త ఆ బరిణెకు బారెడు దూరంలో నిలబడి, చీర కొంగు కూడా దానికి తగలకుండా చేత్తో పట్టుకుంది. నేను తీసి గూట్లో పెట్టాను.

నాన్న పతకం చేశాడు. అమ్మ పళ్ళెంలో ఎలా పేర్చిందో అలాగే, అంచు విరిగిన నీలం కూడా వదలకుండా, బంగారంలోకి ఎక్కించాడు. చేస్తున్నంతసేపూ ఏడ్చాడు. ఆ ఏడుపు నాకు నచ్చింది, దాచుకోను. నడుమ గుంట ఒక్కటి మిగిలింది. ఇక పచ్చ కోసం వెతకడం మొదలైంది. రాళ్ళ పెట్టె, అమ్మ ట్రంకు, బియ్యం డబ్బా, తలగడలో దూది, అన్నీ వెతికారు. ఎర్రవి దొరికాయి, నీలివి దొరికాయి. పచ్చ కాదు గదా, ఆకుపచ్చ గాజుముక్క కూడా దొరకలేదు.

నాన్న వెతకడం మానేశాడు. అది మంచి లక్షణం కాదని నాకప్పుడు తెలియదు. వెతకడం మానిన మనిషి చూడడం మొదలుపెట్టాడు. అత్త వంటింట్లోకి వెళ్తే చూసేవాడు, అత్త కొంగు ముడి చూసేవాడు. ఒకరోజు అన్నం కలుపుతూ గోడతో చెప్పినట్టు అన్నాడు: "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు."

వడ్డిస్తున్న అత్త గరిటె ఆగింది. "ఎవురిని అంటా ఉండావురా?"

"ఎవరినీ అనలేదు. పది రాత్రులు దాని పక్కన కూర్చున్నది నువ్వు. పెట్టెల తాళాలు నీ దగ్గరే ఉన్నాయి. నేను ఏమన్నా అన్నానా అక్కా?"

అత్త బొడ్లోంచి తాళాల గుత్తి తీసి విస్తరి పక్కన పెట్టింది. నాన్న వద్దనలేదు. ఎడమ చేత్తో తన వైపు లాక్కున్నాడు. ఆ ఇనుము నేల మీద కర్రుమని రాసుకుంది. నాన్న మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు, మళ్ళీ కలగలేదు.

అప్పటి నుంచీ అత్త నేల విడిచి లేవలేదు. పనిగదే కాదు, పడకగది, వసారా, వంటింటి తూము దాకా అరచేత్తో తడిమేది. పొయ్యిలో బూడిద చేటలో పోసి జల్లించేది. "ఈడే ఉండాదని చెప్పింది గదా. చనిపోయేవాళ్ళు అబద్ధం చెప్పరు. ఈడే ఉంటది," అనుకుంటూ ఉండేది. అరచెయ్యి పగిలి నెత్తురు చారలు నేల మీద పడ్డాయి. నేను ఏడిస్తే, "సరి సరి, ఊరుకో. దొరికితే మీ నాయన మొగం చూస్తా, లేదంటే ఎట్ట చూసేది?" అంది. దొరకలేదు. ఒకరోజు బట్టల మూట కట్టుకుని, తిరువొత్తియూరులో తన తోడికోడలి ఇంటికి వెళ్ళిపోయింది. నాన్న పనిబల్ల మీద నుంచి తల ఎత్తలేదు.

అత్త వెళ్ళిన తర్వాతే ఆ చప్పుడు మొదలైంది.

మిట్టమధ్యాహ్నం, నాన్న భోజనానికి లేచిన వేళ, ఖాళీగా ఉన్న పనిగదిలోంచి సర్... సర్... అని తడిచెయ్యి నేలకు రాసుకున్న చప్పుడు. నేను వసారాలోంచి పరుగెత్తి చూస్తే ఎవరూ ఉండరు. నేల పొడిగా ఉండేది. నేను కల్పించుకున్నానేమో అనుకుందామంటే, నాన్న ముద్ద నోటి దగ్గర ఆగిపోయేది. ఆయనా వింటున్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు. అమ్మే వచ్చి తన పచ్చను వెతుక్కుంటోందని నేను నమ్మాను. అమ్మంటే అంత ప్రేమ ఉన్నదాన్ని, ఆ వేళకు అమ్మంటే వణికిపోయేదాన్ని. దయ్యాలకు అర్ధరాత్రే కావాలని ఎవరన్నారో గానీ, వాళ్ళెప్పుడూ మా ఇంటి మధ్యాహ్నాన్ని చూడలేదు.

ఏడాది వచ్చింది. అమ్మమ్మ నెల్లూరు వైపు నుంచి రైలెక్కి వచ్చింది. తాతయ్య బతికే ఉన్నాడు గనక నుదుట ఇంత బొట్టుతో, ఆ బరిణె మూత తీసే హక్కున్న మనిషి మా గడప తొక్కడం కర్మల తర్వాత అదే మొదలు. కార్యం అయ్యాక, వీధిలోని ముత్తైదువలు వచ్చి కూర్చున్నారు. అమ్మమ్మ గూట్లోంచి బరిణె తీసి, మూత తిప్పి, పసుపులో వేళ్ళు పెట్టింది. ఏదో తగిలింది. తీసి పైటకొంగుతో తుడిచింది. కుంకుడుగింజంత పుష్యరాగం. పసుపులోంచి పసుపే ముద్దకట్టి బయటకు వచ్చినట్టుంది.

"ఇది ఇంకా ఈడే పెట్టుకోనుండాదా నా తల్లి!" అని అమ్మమ్మ గొల్లుమంది. "పెళ్ళినాడు నేనే దీన్ని పసుపులో పెట్టి ఇచ్చినా. మా అమ్మ ఉంగరంలోది. చిన్నప్పుడు ఈ పచ్చరాయి చేతికిస్తే గానీ అన్నం తినేది కాదు."

"ఏ రాయి?" అన్నాడు నాన్న.

"ఇదే నాయనా, పచ్చరాయి."

"పచ్చంటే... ఆకుపచ్చ కదా అత్తయ్యా?"

"అది మీకు. అరవం చెవిన పడి పడి పచ్చంటే ఆకు రంగే అనుకుంటారు మీరు. మా ఊళ్ళో పచ్చగా ఉండాదంటే పసుపుగా ఉండాదనే గదా. కామెర్లను పచ్చకామెర్లని మీరు మాత్రం అనరా? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుండాది మీ కథ."

నాన్న గోడకు జారగిలబడ్డాడు. అమ్మకు పనిగదిలో నేర్చుకున్న మాటలు బాగానే తెలుసు. పచ్చంటే ఏ రాయో, పుష్యరాగమంటే ఏ రాయో నాన్నకంటే ముందే చెప్పేది. కానీ జ్వరంలో ఆ నేర్చిన మాటలన్నీ రాలిపోయి, పుట్టింటి మాట ఒక్కటి మిగిలింది. అది మాకు అర్థం కాలేదు. రోజూ నోట్లో నానే సామెత కూడా మాకు గుర్తుకు రాలేదు. ఇంతకూ ఆ రాయి ఎక్కడుంది? ఆ ఇంట్లో ఎవరైనా మూత తీయగలరేమో గానీ, అత్త చెయ్యి మాత్రం ఏనాడూ వెళ్ళలేని చోట ఉంది. ఇన్నాళ్ళూ దొంగ ఎవరని నాన్న అనుకున్నాడో, ఆ మనిషి దాని దరిదాపులకు కొంగు కూడా పోనివ్వలేదు.

మర్నాడు నాన్న నన్ను వెంటబెట్టుకుని తిరువొత్తియూరు వెళ్ళాడు. రాయిని గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. దారంతా ఏదో గొణుక్కుంటున్నాడు. ఏం చెప్పాలో అనుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. మేం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. సముద్రం వైపు పెంకుటిల్లు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి ఆ చప్పుడు వినిపించింది. సర్... సర్... నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

అత్త నేల మీద ఉంది. పక్కన నీళ్ళ చెంబు. జుట్టు ముఖం మీద పడి, ఎముకలు తేలి, తడి అరచేత్తో ఆ మట్టినేలను మూల నుంచి మూలకు రాస్తోంది. వచ్చిన నాటి నుంచీ ఇంతేనని, ఈ వేళకు కూర్చుంటే ఎవరు లేపినా లేవదని అత్త తోడికోడలు చెప్పింది.

"అక్కా," అన్నాడు నాన్న. "దొరికిందక్కా. బరిణెలో ఉండింది. నీ తప్పేం లేదు. నన్ను చెప్పుతో కొట్టు." దారంతా కూడబలుక్కున్నది అంతా అంతేనేమో. గుడ్డ విప్పి, పుష్యరాగాన్ని ఆమె పగిలిన అరచేతిలో పెట్టాడు.

అత్త దాన్ని బొటనవేలితో తడిమింది. కంటికి దగ్గరగా పెట్టుకుని వెలుతుర్లో తిప్పి చూసింది. పాత పనితనం ఎక్కడికి పోతుంది? ఆ ఒక్క క్షణం మా అత్త మాకు మళ్ళీ కనిపించింది. తర్వాత నవ్వి, చంటిబిడ్డకు చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"ఇది పుష్యరాగంరా తమ్ముడూ. పచ్చ గాదు. పచ్చ ఇంకా దొరకలే." రాయిని నాన్న చేతిలోనే తిరిగి పెట్టేసింది. "ఈడే ఉండాదని చెప్పింది గదా. నువ్వు కోపం చేసుకోవాకు. దొరికితే నేనే తెచ్చి ఇస్తా."

మళ్ళీ చెంబులో చెయ్యి ముంచి నేల మీద పెట్టింది.

నాన్న పంచె ఎగ్గట్టుకుని, ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రాయి ఎడమ గుప్పిట్లోనే ఉంది. కుడిచెయ్యి ఆ చెంబులో తడుపుకుని, అక్క చెయ్యి పక్కనే తన చెయ్యి కూడా నేల మీద పెట్టి, తడమడం మొదలుపెట్టాడు.