కురమోచి మాస్టారి హిట్టు పాట

నగోయాలో కురమోచి పేరు చెబితే జనానికి ముందు గుర్తొచ్చేది సోయా సాస్ ప్రకటన. ఆ రెండు ముక్కల పాట రాసింది ఆయనే. తర్వాత తాగుబోతు పాటలు, సూపర్‌మార్కెట్ పాటలు, ఎవరూ వినని సినిమా పాటలు రాసి రాసి, యాభై దగ్గర పడ్డాక తొమ్మిది మంది అమ్మాయిలను పోగేసి ‘హినగేషి’ అనే బృందం పెట్టాడు. పాటలు ఆయనవే, నిబంధనలూ ఆయనవే. మొదటి నిబంధన, బృందంలో ఉన్నంత కాలం ప్రేమా గీమా కూడదు. వాళ్లచేత పాడించేవి మాత్రం అన్నీ ప్రేమ పాటలే. ఇందులో ఆయనకు వింతేమీ కనిపించలేదు. ఆ వ్యాపారంలో ఎవరికీ కనిపించదు.

పాట రాసే ముందు అమ్మాయిలను కబుర్లలోకి దింపడం ఆయన పద్ధతి. ఒకరోజు రిహార్సల్ నుంచి ఆయన కారులో వస్తూ, ఆ తొమ్మిది మందిలో ఒకతె చినాత్సు నోరు జారింది.

“ఎవరికీ చెప్పనంటేనే చెప్తా, మాస్టారూ.”

“నేనెవరికి చెప్తానే? చెప్పు.”

“బజార్లో బంగాళాదుంప కొరొక్కెలు వేయించే అబ్బాయి లేడూ? వాడు నా చెయ్యి పట్టుకుంటే స్వెటరంతా నూనె వాసన. రెండ్రోజులు ఉతకబుద్ధి కాలేదు.”

“ఛీ, పిచ్చిపిల్లా!” అని నవ్వాడు. నిబంధన పెట్టిన మనిషి మందలించాల్సింది. కానీ లోపలున్న కవిగాడు అప్పటికే చెవులు రిక్కించాడు.

పాటలో ఆ కొరొక్కెల కొట్టును రొట్టెల దుకాణంగా మార్చి చూశాడు. చప్పగా తేలింది. మళ్లీ నూనె వాసనే పెట్టాడు. కాగితం చూసి ఆ పిల్ల తెల్లబోయింది.

“మాస్టారూ, ఇది నేను...”

“ఎవరికి తెలుస్తుందే? పాటంటే పాటే!”

వేదిక మధ్యలో నిలబడి పాడే చోటు ఆమెకే ఇచ్చాడు. నోరు మూయించడానికే ఇచ్చానని ఆయనకూ తెలుసు.

పాట ఊరంతా మోగింది. సంవత్సరాంతపు బహుమతుల పోటీకీ ఎక్కింది. అయితే బృందం అభిమానులు మాటమాటా పీకి చూసే రకం. నూనె వాసన పట్టుకుని బజారంతా గాలించారు. కొట్టు దొరికింది, అబ్బాయి దొరికాడు, ఇద్దరూ కలిసున్న ఫోటో బయటపడింది.

బృందం మేనేజరు ఓనుకి మొహం మాడ్చుకుని వచ్చాడు. “ఆదివారం వేదిక మీద క్షమాపణ చెప్పి బృందం నుంచి తప్పుకుంటానంటోంది చినాత్సు. ‘నాకు తెలిసే జరిగింది’ అని మీరొక్క మాట అనండి మాస్టారూ. తిట్లు మీకు పడతాయి, పిల్ల నిలబడుతుంది.”

“బహుమతి సంగతేంటి మరి?”

ఆ ప్రశ్న అడిగినందుకు కురమోచికే తల కొట్టేసినట్టయింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

ఆదివారం చినాత్సు మేకప్ లేకుండా, నల్లబట్టల్లో వచ్చి నడుం వరకూ వంగింది. ఎంతకీ లేవలేదు. హాలు వెనక, సౌండ్ బల్ల పక్కన కూర్చున్న కురమోచి ‘ఇప్పుడు లేస్తాను’ అనుకున్నాడు. ఆమె నిటారుగా నిలబడ్డాక లేద్దాం అనుకున్నాడు. ఆమె మైకు అందుకుంది.

“నన్ను నమ్మినవాళ్లని మోసం చేశాను. క్షమించండి. మాస్టారికి ఏమీ తెలీదు. అంత మంచి పాటకి నావల్ల మచ్చొచ్చింది. ఆయన్ని మాత్రం ఏమీ అనకండి.”

వెనక వరుసల వాళ్లు కళ్లు తుడుచుకుంటూ కురమోచి వైపు తిరిగారు. పాపం ఆయనకెంత అన్యాయం జరిగిందోనన్నట్టు ఒక్కొక్కరే తల వంచారు. సిగ్గుతో భూమిలోకి కుంగిపోతూనే, అలవాటు కొద్దీ, ఆయన కూడా వాళ్లకు మర్యాదగా తిరిగి తల వంచాడు.