చెప్పు కరిచిన పెండ్లికొడుకు

సీతాఫలం పండిందో లేదో కంటితో చూడనక్కర లేదు, ముక్కే చెబుతుంది. మొన్న మా అక్క చిన్న బిడ్డను వెంటబెట్టుకుని, అత్తగారి ఊరి నుంచి గంపెడు కాయలు తెచ్చి, వరిగడ్డి కప్పి నా మైకు డబ్బాల పక్కన పెట్టింది. ఇవాళ ఇల్లంతా ఆ వాసనే. పెండ్లిళ్ళకూ, వినాయకుడి మండపాలకూ మైకుసెట్టు కిరాయికిచ్చి, అడిగినవాళ్ళకు నాలుగు గొంతులు తీసి నవ్వించి బతికేవాణ్ణి నేను. నా నోరు మూయించడం ఈ మండలంలో ఎవరివల్లా కాదని పేరు. ఈ పండు వాసన మాత్రం మూయిస్తుంది.

మా ఊరు దేవరకొండ దాటి మహబూబ్‌నగర్ దిక్కు పోయే తొవ్వలో, గుట్టల సందున ఉంటుంది. వానలు వెనకబట్టి, గుట్టల మీద పసుపు చల్లినట్టు తంగేడు విరగబూసే రోజుల్లో, బతుకమ్మకు పువ్వు తెస్తామని సంచులు పట్టుకుని పోయిన పిల్లలం, సగం గునుగు పువ్వు, సగం సీతాఫలాలు నింపుకుని, ముళ్ళు గీరిన కాళ్ళతో పొద్దుగూకే వేళకు దిగేవాళ్ళం. కండ్లు విచ్చిన కాయలను జొన్నల గుమ్మిలో దాచి, పండాయా లేదా అని గడియకోసారి నొక్కి నొక్కి, పండకముందే సగం చంపేవాళ్ళం. ఆ వేళకు మా అవ్వ, అంటే మా బాపును కన్నతల్లి, పొయ్యి ముందు కూర్చుని గిన్నెకు సర్వపిండి అద్ది, వేలితో తూట్లు పొడిచి, తూటుకింత నూనె పోసేది. నువ్వులు, పల్లీలు, ఎల్లిగడ్డ కలిసి మాడీ మాడని ఆ వాసనకు వాడకట్టు పిల్లలంతా గడప దగ్గర చేరేవాళ్ళు. ఆ గడపకు తలుపు ఉండేది గానీ, నా చిన్నతనంలో అది మూసి ఉండగా చూడలేదు. మా అవ్వ నోరూ అంతే.

తిన్నవాళ్ళను ఊరికే పంపకుండా నవ్వించి పంపడం నా పని. పొదిగే కోడి మీద చెయ్యి వేస్తే అదేం చేస్తుందో, చిల్లర లేదంటే బస్సు కండక్టరు ఎట్లా మొహం పెడతాడో చేసి చూపేవాణ్ణి. అన్నిటికన్నా గిరాకీ మాత్రం చెప్పు కరిచిన పెండ్లికొడుకుదే. కొత్త తోలుచెప్పులు మడమ కొరుకుతుంటే, బరాతులో అందరి ముందూ కుంటలేక, కుంటకుండా ఉండలేక, మూతికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ, అత్తగారి వాకిలి ఇంకెంత దూరమని కళ్ళతోనే అడుగుతూ నడిచే పెండ్లికొడుకు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని "ఆపురా, సచ్చిపోత!" అని మొత్తుకునేది. నేను ఆపగానే "ఇంకోపారి నడువు" అనేది.

ఆ నడకకు అవ్వకంటే ఎక్కువ నవ్విన మనిషి ఒక్కడే, యాదగిరి కాక. మా వెనకింటివాడు. వాళ్ళమ్మ కూలికి పోతే మా అవ్వ చేతి జొన్నరొట్టె తిని పెరిగి, సర్కారు హాస్టల్లో ఉండి చదివి, వకీలు అయ్యాడు. తెలంగాణ వచ్చిన కొత్తలో, ఆయన హైదరాబాదు పెద్ద కోర్టులో సర్కారు వకీలయ్యాడని, హాస్టళ్ళ కేసులూ దవాఖానల కేసులూ ఆయన చేతికే వస్తాయని తెలిసి ఊరంతా ఉప్పొంగింది. ఆ దసరాకు నల్లకోటు కారులో వేలాడదీసుకుని వచ్చి, అవ్వ చేతిలో జమ్మి ఆకు పెట్టి, "బంగారం తీస్కో చిన్నమ్మా" అని కాళ్ళు మొక్కి, మా అరుగు మీద కూర్చుని, నాతో పెండ్లికొడుకు నడక మళ్ళీ మళ్ళీ నడిపించుకుని కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు.

అవ్వ లెక్క చాలా సాఫ్‌గా ఉండేది. సర్కారు బడి ఎవరికి? మాకు. సర్కారు దవాఖాన? మాకు. సర్కారు బియ్యం? మాకే. పైసలున్నవాళ్ళు వీటి మొహం చూడరు. మరి సర్కారు వకీలు ఎవరికి? "ఉన్నోళ్ళు ప్రైవేటు వకీలును పెట్టుకుంటరు. మనకు యాదగిరి ఉన్నడు" అని బోరింగు దగ్గర నీళ్ళు కొడుతూ ఊరికంతా చెప్పేది. ఆ లెక్కలో తప్పు పట్టగలిగినంత చదువు మా వాడకట్టులో ఎవరికీ లేదు.

మరుసటేడు నన్నూ సర్కారు హాస్టల్లో వేశారు. వానకాలం జ్వరమొస్తే, హాస్టలు వాళ్ళు పిలిపించిన మనిషి ఒకాయన తుంటికి సూది వేసి పోయాడు. వేసినప్పుడే కరెంటు తీగ తొక్కినట్టు మడమ దాకా జిల్లుమంది. జ్వరం తగ్గి లేచి నిలబడితే పాదం నా మాట వినలేదు. ముందుభాగం వేలాడిపోయి నేలను గీరుకుంటూ వచ్చింది. నేనేదో వేషం కడుతున్నాననుకుని తోటిపిల్లలు చప్పట్లు కొట్టారు. చెప్పు కరిచినట్టు నటించిన కాలికి ఇప్పుడు చెప్పే నిలవదు.

సూది నరానికి తగిలిందని పట్నంలో డాక్టరు చెప్పాడు. కాలు బాగయ్యేదాకా సర్కారే పెద్ద దవాఖానలో చూపించాలని బాపు ఒక కుర్ర వకీలును పట్టుకుని కోర్టులో కేసు వేయించాడు. అవ్వకు ఆ కుర్రవాడి మీద ఏమంత గురి లేదు. "యాదగిరి ఉండంగ ఈ పోరడెందుకు?" అనేది.

ఆ దసరాకూ కాక వచ్చాడు. జమ్మి పెట్టాడు, మొక్కాడు, నా పాదం ఒళ్ళో పెట్టుకుని చూశాడు. అవ్వ పళ్ళెం నిండా సీతాఫలాలు పెట్టింది. గింజలు ఒక్కొక్కటే చేతిలోకి ఉమ్ముకుంటూ అడిగాడు.

"పోరడు ముందుగాల గూడ కుంటుకుంట నడుస్తుండె గద చిన్నమ్మా?"

"నడువకపోతే నువ్వు ఊకుంటివా? ఇంకోపారి, ఇంకోపారి అని నువ్వే గద నడిపిస్తివి!" అవ్వ పగలబడి నవ్వింది. "చిన్నప్పటి సంది గదే కుంటుడు గీ పోకిరోనికి!"

"గట్లనా" అన్నాడు కాక. నవ్వలేదు. నా కాలు చూసి బాధపడుతున్నాడనుకున్నాను.

కార్తీకంలో కేసు పిలుపుకొచ్చింది. అవ్వ చివరి కాపు పండ్లు ఏరి, యాదగిరికని, గుడ్డసంచిలో గడ్డిపెట్టి సర్ది, బాపుతో, నాతో కలిసి హైదరాబాదు దాకా ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. బస్సంతా ఆ వాసనే. కోర్టు గేటు దగ్గర పోలీసు సంచి పక్కన పెట్టించాడు. లోపల నల్లకోట్ల మధ్య కాక లేచి నిలబడగానే అవ్వ నా చెయ్యి గట్టిగా నొక్కి, "చూడు, మనోడు లేసిండు" అంది. ఆయన ఇంగ్లీషులో మాట్లాడాడు. మధ్యలో ఒకసారి మా దిక్కు చెయ్యి చూపాడు. అవ్వ మురిసిపోయి లేచి నిలబడి, ఆయనకూ జడ్జికీ కలిపి దండం పెట్టింది. జడ్జి తల ఊపాడు. అంతే, ఇంకో కేసు పిలిచారు.

వరండాలోకి రాగానే అవ్వ మా కుర్ర వకీలును అడిగింది. "మా యాదగిరి మంచిగ మాట్లాడిండు గద బిడ్డా?"

అతను బాపు దిక్కు చూశాడు. "ఆయన మన దిక్కు కాదవ్వా. పోరడు సూదికి ముందే, చిన్నప్పటి సంది కుంటోడే అన్నడు. సొంత అవ్వనే చెప్పింది, ఆ అవ్వ గీమెనే అని నిన్ను చూపిచ్చిండు. నువ్వేమో లేసి దండం పెడితివి. జడ్జిసాబు ఔనన్నవనుకున్నడు."

"గాయిన సర్కారు వకీలు గద?"

"సర్కారు వకీలంటే సర్కారు తరఫున మాట్లాడేటోడవ్వా."

"సర్కారంటే మనం గాదా?"

ఆ అబ్బాయి ఫైలు ఈ సంకలోంచి ఆ సంకలోకి మార్చుకున్నాడు.

"అది పెండ్లికొడుకు వేషం సారూ, నడిచి చూపిస్త" అన్నాను నేను.

"ఇప్పుడెట్ల నడిచినా గదే నడక గద తమ్మీ" అన్నాడు.

నా జన్మలో అంతకు మించిన జోకు నేను వేయలేదు, వినలేదు. ఇంగ్లీషులోకి పోయేసరికి పెండ్లికొడుకూ పోయాడు, బరాతూ పోయింది, కరిచిన చెప్పులూ పోయాయి; కుంటుడొక్కటే మిగిలింది. తెలియని మనిషి అట్లా అంటే సరేననుకుందుము. అన్నవాడు మా అరుగు మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వినవాడు. అవ్వ సంచి దిక్కు చూడకుండానే గేటు దాటింది.

కేసు కొట్టేశారు. హాస్టలు మాన్పించి నన్ను ఇంటికి తెచ్చారు. ఊరి నుంచి హైస్కూలుకు గుట్ట దాటి పోవాలి. ఊడే చెప్పుతో కొన్నాళ్ళు పోయి మానేశాను. చదువు మానినా నోరు మానలేదు గనుక మైకు పట్టాను. మరుసటి దసరాకు కాక మా వాకిలి దాకా రాలేదు, జమ్మి ఆకు ఎవరి చేతనో పంపాడు. అవ్వ దాన్ని మేక ముందు వేసింది.

ఇప్పుడు మా గుట్టలను సగం కంకర మిషన్లు తిన్నాయి. తంగేడు పువ్వును బస్టాండులో కొంటున్నాం. జొన్నల గుమ్మి ఎటు పోయిందో తెలియదు. అవ్వ నోట 'మన సర్కారు' అన్న మాటా అట్లాగే పోయింది. పింఛను అందిన రోజు కూడా "వాళ్ళిచ్చిండ్రు" అంటుంది.

ఇందాక అందరం పండ్లు ముందేసుకుని కూర్చున్నాం. నేను మంచినీళ్ళకు లేచి నడుస్తుంటే, అక్క బిడ్డ నా చెప్పొకటి తొడుక్కుని నా వెనకే వచ్చింది. కాలు ఈడ్చడం, చెప్పు ఊడబోతుంటే వేళ్ళు బిగబట్టడం, అంతా అచ్చం నేనే. మంచి పనితనం ఉంది పిల్లలో. ముందు నేను నవ్వాను, తర్వాత అక్క.

అవ్వ నవ్వలేదు. పండు పళ్ళెంలో పెట్టి, గోడ పట్టుకుని లేచి, గడప దాకా పోయి, వీధిలోకి అటూ ఇటూ తొంగి చూసింది. తలుపు మూసి గొళ్ళెం పెట్టింది.

"ఇగ నడువు బిడ్డా" అంది. "మీరు జర మెల్లగ నవ్వుర్రి."