నాంపెల్లన్న కథ చెప్పే లింగమూర్తి

లింగమూర్తి బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు టింబర్‌మన్‌గా చేశాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. కానీ గోదావరిఖని కాలనీల్లో ఆ పనితో ఆయనను గుర్తుపట్టేవాళ్లు తక్కువ. నాంపెల్లన్న కథ చెప్పే లింగమూర్తి అంటేనే తెలిసేది.

నాంపెల్లన్న ఏనాడో గోదావరి మీద పడవ నడిపిన మనిషి. ఒడ్డు పల్లెల్లో ఆయనకు గద్దె కట్టి మొక్కేవారు. ఆయన తమ్ముణ్ణి దొర కొట్టించి చంపించాడు. ఆ మరుసటి వానకాలం దొర వరదలో చిక్కి, ఓ మొద్దును పట్టుకుని కొట్టుకుపోతూ కేకలు వేశాడు. నాంపెల్లన్న నీళ్లలోకి దూకి అతణ్ణి భుజాల మీదికి ఎత్తుకుని ఒడ్డుకు తెచ్చాడు. దింపాక ఒక్క మాటా అనకుండా ఇసుకలో కూలబడి, తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు.

కథకు ప్రాణం ఆ ఘట్టమే. లింగమూర్తికి దాన్ని తండ్రి నేర్పాడు. అక్కడికి వచ్చేసరికి డోలు వాయించే పోశం చేతులు ఆపేసేవాడు. పాట ఒక్కటే, ఎదురీదే మనిషి ఊపిరిలా, తెగుతూ అందుకుంటూ సాగేది. బాయిలో పోయినవాళ్ల దినాలకు వీళ్లిద్దరినీ పిలిచేవారు. పక్క క్వార్టరు సామ్యేల్ చర్చిలో పెద్ద. కొడుకు చనిపోయిన నెలకు ఆయన తనంతట తనే వచ్చి, ఒక్కసారి చెప్పమని అడిగి, గడపలో కూర్చుని విన్నాడు.

రెండువేల పదిలో శాంతిరాజ్ వచ్చాడు. నస్పూర్ కార్మికుడి కొడుకు, హైదరాబాద్‌లో సినిమా డైరెక్టరు దగ్గర పనిచేస్తున్నాడు. మన నాంపెల్లన్నను దేశమంతా చూడాలని, కథ మొత్తం రికార్డు చేసుకుంటానని అన్నాడు. లింగమూర్తి మూడు రోజులు సెలవు పెట్టి చెప్పాడు. భార్య సారవ్వ చాయలు అందిస్తూ, తనకు కొత్తేమీ కాని కథను మళ్లీ మొదటిసారి విన్నట్టు విన్నది. ఆ తర్వాత ఏడాది పొడుగునా, బాయిలో దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ, లింగమూర్తికి సినిమా ముచ్చటే.

సినిమా వచ్చిన రోజు సారవ్వనూ పోశాన్నీ సామ్యేల్‌నూ వెంటబెట్టుకుని పొద్దుటి ఆటకు వెళ్లాడు. మొదట్లోనే తెర మీద ఆయన పేరు పడింది, కృతజ్ఞతలతో. సామ్యేల్ ఆయన తొడ మీద తట్టాడు.

తెర మీది నాంపెల్లన్న నల్లబట్టలు కట్టుకున్నాడు. ఆయన తెడ్డుకు ఇనుప అంచు ఉంది. దాంతో తలలు నరికాడు, పేగులు తీశాడు, దొర మేనల్లుణ్ణి పడవకు కట్టి తగలబెట్టాడు. చివర వరద వచ్చింది. దొర మొద్దును పట్టుకుని చేతులు జోడించాడు. నాంపెల్లన్న పడవలోంచి వంగి ఆ చేతులు రెండూ తెగ్గొట్టి, తల మీద కాలు పెట్టి నీళ్లలోకి తొక్కాడు. ఏరంతా ఎర్రబడింది. హాలంతా లేచి నిలబడి ఈలలు వేసింది. సారవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

లింగమూర్తి ఆ రోజే శాంతిరాజ్‌కు ఫోన్ చేశాడు. అతను తప్పించుకోలేదు.

"ఏడ్చే హీరోను ఎవ్వరు చూస్తరు కాక? నేను చెప్పి చూసిన. మా డైరెక్టరు గట్లనే తియ్యాలె అన్నడు. నా చేతిల ఏమున్నది?"

ఏటి ఒడ్డున లింగమూర్తి సొంతూరి వాళ్లు మాత్రం శాంతిరాజ్‌ను అనలేదు. తెర మీద పడింది లింగమూర్తి పేరు గనక, దేవుణ్ణి పాడుచేశావని ఆయననే అన్నారు. అన్నవాళ్లే మరుసటి జాతరకు గద్దె మీద కొత్త విగ్రహం నిలబెట్టారు. దాని మొహం సినిమా హీరోది. తెడ్డుకు ఎర్రరంగు పూశారు.

అదే ఏడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బాయిలు ఆగిపోయాయి. దీక్షా శిబిరంలో పాటలు, ఉపన్యాసాలు. ఒక మధ్యాహ్నం లింగమూర్తిని కథ చెప్పమన్నారు. ఇదే అదను, అసలు నాంపెల్లన్న ఎవరో పిల్లలకు తెలుస్తుందని ఆయన సంతోషపడ్డాడు. టెంటు నిండిపోయింది. వరద ఘట్టం రాగానే పోశం చేతులు ఆపాడు. ముందు వరసలో కూర్చున్న జైపాల్ అనే కొత్త కార్మికుడు, ఎగతాళికి కాదు, ఇష్టంగానే అన్నాడు:

"తొక్కు కాక, ముంచెయ్ వాణ్ణి."

వెనకనుంచి ఇంకో పదిమంది అందుకున్నారు. లింగమూర్తి పాట కొనసాగించాడు. నాంపెల్లన్న దూకాడు, ఈదాడు. జనం లేవడం మొదలుపెట్టారు. కొందరు టీ కొట్టు వైపు నడిచారు. ముప్పై ఏళ్లలో ఆయన కథ మధ్యలో ఎవరూ లేవలేదు.

"తొక్కిండు నాంపెల్లన్న," అన్నాడు. "నెత్తిమీద కాలు పెట్టి తొక్కిండు."

టెంటు దద్దరిల్లింది. వెళ్లినవాళ్లు పరుగున వచ్చారు. జైపాల్ ఆయనను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. పోశం డోలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు లింగమూర్తి పోశం ఇంటికి వెళితే, అతను కోపంగా ఏమీ లేడు.

"ఇగ నాతోని కాదన్నా," అన్నాడు.

ఆ తర్వాత లింగమూర్తి ఎక్కడా కథ చెప్పలేదు. పిలిచినవాళ్లకు గొంతు పోయిందని చెప్పేవాడు. పోశం రిటైరై గోలేటిలో కొడుకు దగ్గరికి వెళ్లాడు. తర్వాత లింగమూర్తీ రిటైరయ్యాడు. రాష్ట్రం వచ్చిన ఎండకాలానికి సారవ్వ కిడ్నీలు పాడై దవాఖానలో పడింది. వార్డులో నర్సులు మిఠాయిలు పంచిన రోజు ఆమె తినలేకపోయింది.

"నాంపెల్లన్న కథ జర చెప్పరాదూ," అన్నది. "ఏరు కాడనుంచి చాలు."

ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చిన్న గొంతుతో అందుకున్నాడు. వరద వచ్చింది. దొర కేక వేశాడు. నాంపెల్లన్న దూకాడు. చెయ్యి చాపాడు. పాట అక్కడ ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అక్కడే. మూడోసారి కళ్లు మూసుకుని పాడితే కాలు కనిపించింది, నీళ్లలో తల కనిపించింది, ఈలలు వినిపించాయి.

"వస్తలేదే సారవ్వ."

"ఒడ్డుకు తేవా?"

"తెద్దామనే చూస్తున్న. నడుమల్నే కాలు పడ్తుంది."

ఆమె ఆయన మొహం చూసింది. ముప్పై ఏళ్లు విన్న మనిషి, కానీ ఆయన ఉండగా తనకెందుకని ఒక్క చరణమూ నేర్చుకోలేదు.

"పోనియ్. అలసిపోతవు," అని అటు తిరిగి పడుకుంది. నాలుగో రోజు చనిపోయింది.

దినాలు అయ్యాక ఆయన శాంతిరాజ్‌కు ఫోన్ చేసి, ఆనాటి రికార్డులు ఇప్పించమని అడిగాడు. సినిమా అయిపోగానే అవన్నీ తుడిచేశారని అతను మెల్లగా చెప్పాడు. లింగమూర్తి గోలేటి బస్సెక్కాడు. పోశం అరుగు మీదే ఉన్నాడు. వరద ఘట్టం పాట ఎట్లా ఉండేదో నీకేమైనా గుర్తున్నదా అని లింగమూర్తి అడిగాడు.

"నేను నీ మొకం చూస్కుంట వాయించేది అన్నా. పాట ఎన్నడు మనసుల పెట్టుకోలే."

కోడలు అన్నం పెట్టింది. ఇద్దరూ తిన్నారు. ఓపెన్‌కాస్ట్ గని పేలుళ్లకు గోడ నెర్రెలు విచ్చిందని పోశం చూపించాడు. లింగమూర్తి దాని మీద వేలు పెట్టి చూసి, మూడు గంటల బస్సుకు తిరుగుముఖం పట్టాడు.