మంచులో వేసిన మంట

మందస దగ్గరి సముద్రపు ఒడ్డు ఊరికి నేను కోడలిగా వెళ్లిన కొత్త. రెండు వేల సంవత్సరం దాటిందేమో. మంచు కమ్మి పడవలకు తీరం కనిపించకపోతే, మా ఊరి ఆడవాళ్లం ఒడ్డున ఎండు కొబ్బరి మట్టలు కాల్చి, మంట చుట్టూ నిలబడి కేకలేస్తాం.

ఆ రోజు పొద్దున్న పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. కానీ మంచులో ఒక చిన్న విమానం చప్పుడు తిరిగి తిరిగి మా మీదికే వస్తోంది. మా అత్త ఉండబట్టలేకపోయింది.

"ఏటే అలా సూత్తన్నావు? ఆడెవడో దారి తప్పీసినాడు. మట్టలు తే!"

మంట లేచింది. అలవాటు ప్రకారం చుట్టూ చేరి కేకలేశాం. ఉన్నట్టుండి ఇంజను చప్పుడు ఆగిపోయింది. మరుక్షణం విమానం మంచులోంచి నేరుగా మంట మీదికే వచ్చింది. ఇసుకలో బోర్లా పడ్డాను. రెక్క గాలి నా వీపుకి తగిలింది. కాస్త అవతల అది ముక్కు గుచ్చుకుని ఆగింది.

కాలు విరిగిన పైలట్‌ని బయటికి లాగాం. పెట్రోలు అయిపోయిందని, కింద నేలో నీళ్లో తెలియక తిరుగుతూ మంట చూసి దిగానని చెప్పాడు. మేం ఎక్కడ నిలబడ్డామో చెబితే, "అక్కడ మనుషులున్నారా? నాకు మంటొక్కటే కనపడింది" అన్నాడు.

ఇప్పటికీ పడవల కోసం మంట వేస్తే, మా అత్త అందరినీ దూరంగా తరిమేస్తుంది. "మంట కనపడినోడికి మనం కనపడమే" అంటుంది.