స్టార్టర్ డబ్బా దగ్గర పట్టుకున్న బుగులు

మా అన్నకు కరెంటు షాకు తగిలినప్పుడు నేను ఆయన పక్కనే ఉన్నాను. తెలకపల్లి దగ్గర మాకు కొంత చెలక భూమి ఉంది. అన్నా వదినా దాన్ని సాగు చేస్తారు. నేను వనపర్తిలో ఉంటూ అమరచింత బడిలో సైన్సు చెప్తాను. ఆ ఆదివారం పల్లి చేను చూసి వద్దామని వెళ్లాను. ముందురోజు వాన పడి నేలంతా తడిగా ఉంది. అన్న బోరు దగ్గరికి వెళ్లి, మోటారు స్టార్టర్ డబ్బా మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి మళ్లీ రాలేదు. అరవలేదు కూడా. మూతి ఒక పక్కకు గుంజుకుపోతుంటే నావైపే చూస్తూ నిలబడిపోయాడు. గట్టు మీద ఎండు కర్ర కనిపించింది. దానితో ఆయన మణికట్టు మీద బలమంతా పెట్టి కొట్టాను. చెయ్యి డబ్బా నుంచి ఊడి వెల్లకిలా పడ్డాడు.

నాగర్‌కర్నూల్ దవాఖానలో ఒక పూట ఉంచుకుని, గుండె బాగానే ఉందని పంపించేశారు. అరచేతిలో కాలిన మచ్చ, మణికట్టు మీద నేను కొట్టిన వాపు, అంతే మిగిలాయి. కొద్దిరోజులకే అన్న మళ్లీ చేనులో తిరుగుతున్నాడు. చూడటానికి వచ్చిన వాళ్లకు ఆ సంగతి తనే చెప్పి నవ్వించేవాడు. కరెంటు కంటే తమ్ముడి దెబ్బే గట్టిగా తగిలిందనీ, చిన్నప్పటి కోపమంతా ఒక్కసారే తీర్చుకున్నాడనీ అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

నాకు మొదలైంది ఆ తర్వాతే. ఒకరోజు బడికి పోతుంటే ఆత్మకూరు దాటాక బస్సు ఆగింది. రోడ్డు పక్క పొలంలో మోటారు నడుస్తోంది. ఆ చప్పుడు చెవిన పడగానే గుండె దడదడ కొట్టుకుంది. ఎడమచెయ్యి తిమ్మిరెక్కింది. ఊపిరి అందలేదు. పోయే కాలం వచ్చిందనుకుని దిగి రోడ్డు పక్కనే కూర్చున్నాను. కాసేపటికి తగ్గింది. వనపర్తికి తిరిగొచ్చి ఈసీజీ తీయించుకుంటే ఏ తేడా లేదన్నారు. గ్యాసు కావచ్చని మాత్రలు ఇచ్చారు.

మాత్రలు వేసుకున్నా అది మళ్లీ వచ్చింది. ముందు బస్సులో కిటికీ పక్కన కూర్చోవడం మానేశాను. తర్వాత బస్సే మానేసి, తోటి టీచరు బండి వెనక ఎక్కి పోయేవాణ్ణి. ఇంట్లో నీళ్ల మోటారు స్విచ్చి వేయాలంటే మా ఆవిడను పిలిచేవాణ్ణి. తెలకపల్లికి పోవడమైతే పూర్తిగా ఆగిపోయింది. ఒక్కొక్కటి మానేసినప్పుడల్లా ప్రాణానికి హాయిగా ఉండేది. ఆ హాయి నాలుగు రోజులు కూడా నిలవలేదు. మానేయవలసింది ఇంకొకటి తయారయ్యేది.

పదో తరగతికి విద్యుత్తు పాఠం వచ్చింది. రెండు సెల్లులు, చిన్న బల్బు. దానితో ఎవరికీ ఏమీ కాదని పిల్లలకు కూడా తెలుసు. తీగ కలపబోతే వేళ్లు వణికాయి. పటం గీసుకొమ్మని చెప్పి కుర్చీలో కూర్చుండిపోయాను. తల ఎత్తి ఎవరివైపూ చూడలేకపోయాను.

ఆ సాయంత్రం మా ఆవిడ తేల్చి చెప్పింది. "గుండె నొప్పైతే ఉత్తగ కూసున్నప్పుడు గూడ రావాలె గద. మీకు స్విచ్చి కాడనే వస్తుంది. మీకు బుగులు వట్టింది. మనసు డాక్టర్‌కు చూపిచ్చుకుందాం."

బుగులంటే మా వైపు లోపల గూడు కట్టుకున్న భయం. అప్పటిదాకా నాకున్నది గుండె జబ్బో, గ్యాసో, నీరసమో అనుకున్నాను తప్ప భయమని ఎవరితోనూ అనలేదు. నాతో నేను కూడా అనుకోలేదు.

వనపర్తిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె నా మాటలకు అడ్డు రాకుండా అంతా విన్నది. షాకు తగిలింది మా అన్నకనీ, ఆయన నిక్షేపంగా తిరుగుతున్నాడనీ, ఊరికే చూసిన నాకు ఇదేమిటనీ అడిగాను.

"చూసినోళ్లకు గూడ వస్తది సార్. ఒక్కోసారి చూసినోళ్లకే ఎక్కువ వస్తది," అన్నది.

ఒంట్లో హెచ్చరిక గంట ఒకటి ఉంటుందని చెప్పింది. ప్రమాదం చూడగానే పరుగెత్తడానికో, ఎదిరించడానికో గుండెను, ఊపిరిని సిద్ధం చేస్తుంది. ఆ రోజు నా చేత కర్ర పట్టించింది అదే. ప్రమాదం పోయాక కూడా, దానికి సంబంధించిన చప్పుడు వినబడితే చాలు, ఆ గంట మోగుతోంది. నేను ప్రతిసారీ తప్పించుకుపోతున్నాను కాబట్టి, పారిపోయినందుకే బతికానని ఒళ్లు నేర్చుకుంటోంది. ఆడ్రినలిన్ గురించి నేను పిల్లలకు ఏటా చెప్తాను. అది నా సంగతేనని తోచలేదు.

తర్వాత ఆమె ఒక ప్రశ్న వేసింది. ఆ డబ్బా బాగు చేయించారా? నాకు తెలియదన్నాను. "భయం చెప్పేదాంట్ల నిజం ఎంతుందో ముందు చూడాలె. నిజమున్న కాడ ధైర్యం పనికిరాదు, రిపేరు చేయాలె. ఆ తర్వాత మిగిలిన భయం సంగతి మనం చూద్దాం," అన్నది.

ఆ ఆదివారం ఎలక్ట్రీషియన్‌ను తీసుకుని, మా ఆవిడను తోడు పెట్టుకుని తెలకపల్లికి వెళ్లాను. ఎర్తింగ్ తీగ తెగి ఉంది. డబ్బా లోపల ఒక వైరు తోలు ఊడి ఇనుముకు తగులుతోంది. అన్నీ మార్చి, పరీక్ష చేసి చూపించి అతను వెళ్లిపోయాడు. డాక్టరమ్మ చెప్పింది ఏమిటంటే, ముందు దూరంగా నిలబడి మోటారు చప్పుడు వినాలి. గుండె కొట్టుకున్నా కదలకూడదు, దానంతటది నెమ్మదించేదాకా ఉండాలి. ఆ తర్వాతే కొంచెం కొంచెంగా దగ్గరికి పోవాలి.

మోటారు వేయమని అన్నను అడిగాను. ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. ఫోన్ చేస్తే మోటారు నడిచే స్టార్టరు పెట్టించుకున్నాడు. బోరు దాకా నడక తప్పిందని ఊళ్లో అందరూ మెచ్చుకున్నారట. ఎలాగూ వచ్చాం కదా, ఇప్పుడు చేత్తోనే వెయ్యమన్నాను. ఆయన డబ్బావైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"నాతోని గాదు తమ్మీ. అప్పటి సంది దాన్ని ముట్టుకోలేదు. నడక తప్పుతదని గాదు, ముట్టనీకె చేతగాకనే గీ ఫోన్ది పెట్టిచ్చిన. సిగ్నల్ లేకపోతే మీ వదినను పంపుత," అన్నాడు.

ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. ఆయన ఫోన్ చేశాడు, మోటారు మొదలైంది. నా గుండె కొట్టుకుంది. పక్కన ఆయన మోకాలు అదురుతోంది. ఇద్దరం అక్కణ్ణుంచి లేవలేదు. అలా కూర్చునే ఆయన, చెయ్యి అతుక్కుపోయినప్పుడు నన్ను ఎందుకు చూశాడో చెప్పాడు. "నువ్వొచ్చి నన్ను పట్టుకుంటవేమోనని. ముట్టకురా అందామంటే నోరు రాలే. నా పానం కన్న గదే బుగులైంది."

నేను ఇన్నాళ్లూ ఆ చూపును కాపాడమని అడిగినట్టే గుర్తు పెట్టుకున్నాను. ఆయన చేతిలోని మచ్చను చూస్తూ కూర్చున్నాను. నీళ్లు పల్లి సాళ్లలోకి పారుతున్నాయి. చప్పుడు వింటున్నాననే సంగతి కాసేపు మరిచిపోయానని తర్వాత తెలిసింది.

అలా కొన్ని ఆదివారాలు వెళ్లాను. ఒకరోజు పొడి చెక్క మీద నిలబడి మీట నేనే నొక్కాను. చెమటలు పట్టాయి, నిలబడ్డాను, తగ్గాయి. పదో తరగతి పిల్లలకు బల్బు వెలిగించి చూపించాను. బస్సులో పోవడం మళ్లీ మొదలుపెట్టాను. గుండె ఇప్పటికీ అప్పుడప్పుడూ ఉలిక్కిపడుతుంది. అది వచ్చిపోయేదని తెలుసు కాబట్టి దిగిపోను.

అన్నకు ఆలస్యమైంది. డాక్టరమ్మ దగ్గరికి రమ్మంటే పల్లి పీకడం అయిపోనీ అన్నాడు, ఆ తర్వాత కాయ ఎండనీ అన్నాడు. చివరికి వచ్చాడు. గదిలోంచి బయటికి వచ్చాక, లోపల తను ఏడ్చిన సంగతి ఏమాత్రం దాచకుండా వదినకు ఫోన్ చేసి చెప్పాడు. మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో వదిన అడిగినట్టుంది. వచ్చే నెల అన్నాడు. ఈసారి నువ్వు కూడా రా, ఇద్దరం డాక్టరమ్మతో మాట్లాడదాం అన్నాడు. తర్వాత బస్టాండుకు నడిచి నాగర్‌కర్నూల్ బస్సు ఎక్కాడు.