చెవికి ఆనించిన బంతి

మానుకోట ఫుట్‌బాల్ జట్టుకు బంతి కుట్టే ముసలాయన, కుట్టు ముగియగానే దాన్ని చెవికి ఆనించి గాలి పోతోందేమో వినేవాడు. మేం ఎంత ఓడినా ప్రతి ఆటకూ వచ్చేవాడు. గెలుస్తామని మాత్రం ఎన్నడూ అనలేదు.

మైదానం ఒకప్పుడు మా తాతలది కాబట్టి కెప్టెన్‌ని నేనే. డెబ్బైల్లో ఒక ఎండాకాలం జట్టువాళ్లు నన్నూ గోల్‌కీపర్‌నీ తీసేసి కొత్తవాళ్లను పెట్టుకున్నారు. ఆ వారమే ఆ ముసలాయన దగ్గరికి వెళ్లాను.

"ఈసారి ఎట్లుంటది?"

"జర ఆశున్నది దొరా."

"ఎందుకట్ల?"

బంతి పట్టుకునే, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. మా తాత ముందు ఆయన తండ్రి కూడా అలాగే చేసేవాడట.

"మీరు ఆడుతలేరు గద."

అనేసి, కళ్లు గట్టిగా మూసుకుని బంతిని చెవికి ఆనించుకున్నాడు. నేను నిటారుగానే నిలబడ్డాను. ఆయన నా కోపానికి భయపడ్డాడు. నేను, జట్టు నిజంగా గెలుస్తుందేమోనని భయపడ్డాను.