అనుమానాల సహ్బాన్, ఆరో బావి బకెట్

సహ్బాన్ ఎవరినీ నమ్మడు. పొగిడినవాణ్ణి అసలే నమ్మడు. ఇర్బిద్ ఊళ్ళో ఎవరైనా ఎదురుపడి "ఇవాళ వాతావరణం బాగుంది కదండీ" అంటే ఆయన ఆకాశం వైపు చూసేవాడు కాదు, ఆ మాట అన్నవాడి చేతుల వైపు చూసేవాడు. ఉద్యోగమంతా సరిహద్దు దగ్గర సుంకాల తనిఖీలో గడిచింది. లారీ డ్రైవరు నవ్వాడంటే టైరు విప్పించడమే. సలామ్ రెండుసార్లు చెప్పాడంటే లారీ మొత్తం విప్పించడమే. రిటైరయ్యాక విప్పడానికి లారీలు దొరక్క మనుషుల మీద పడ్డాడు.

పుచ్చకాయల బండివాడు "తేనె, బాబూ, తేనె!" అని అరిస్తే ఆగి నిలదీసేవాడు. "నేను నిన్ను అడిగానా? అడక్కుండా ఎందుకు చెబుతున్నావు? దీని వెనక ఏముంది?" చివరికి బండివాడు నోరెత్తి ఏమీ చెప్పని కాయను కొనుక్కొచ్చేవాడు. అది చప్పగా ఉండేది. "చప్పగా ఉంటే ఉంది. మోసం లేదు," అని సంతోషంగా తినేవాడు.

డాక్టరు "మాషా అల్లా, మీ గుండె కుర్రాడి గుండెలా ఉంది" అన్నాడని ఆ డాక్టర్ని వదిలేశాడు. ఇంకో డాక్టరు, ఆయన తరవాత ఇంకో డాక్టరు. ఆఖరికి ఒకాయన ఈయన ధాటికి విసిగిపోయి "కొంచెం పిత్తం ఉంది" అన్నాడు. ఆయన్ని కౌగిలించుకుని మాత్రలు రాయించుకుని, వస్తూ వస్తూ కునాఫా మిఠాయి పొట్లం కట్టించుకొచ్చాడు.

ఒకసారి పక్కింటి అబూ దిర్ఘామ్ ఆయన కొత్త కోటు చూసి బాగుందన్నాడు. ఎవరైనా బాగుందంటే, ఆ ఊరి మర్యాద ప్రకారం "తీసుకో, నీదే" అనాలి. అవతలివాడు "నీ ఒంటి మీదే అందం" అని వద్దనాలి. అబూ దిర్ఘామ్ వద్దన్నాడు, పాపం, వెంటనే అన్నాడు. అంత వెంటనే ఎందుకన్నాడని సహ్బాన్ వారం రోజులు బీరువాకి తాళం వేసి ఉంచాడు.

పెళ్ళి సంగతీ అంతే. బుతైనా పుట్టింటివాళ్ళు ఈయన అడిగీ అడగ్గానే పిల్లనిస్తామన్నారు. ఇక ఈయనకి నిద్ర పట్టలేదు. ఎందుకిస్తున్నారని రెండు నెలలు విచారణ జరిపాడు. "ఆ విచారణ ఫలితం ఇంకా రాలేదమ్మా. రేపో మాపో చెబుతారు," అని బుతైనా పెద్దమ్మ ముసలితనంలో కూడా నవ్వుతూ చెప్పేది.

ఇలాంటి మనిషికి రహఫ్ తమ్ముడి కూతురు. రహఫ్ కంప్యూటర్ ఆటలు తయారుచేసే పిల్ల. రెండేళ్ళు ఒంటరిగా కూర్చుని "ఏడు బావుల కోట" అని ఒక ఆట తయారుచేసింది. అందులో నేతపని చేసే ఒక అమ్మాయి, గుర్రం పోగొట్టుకున్న ఒక రౌతు, ఒక ముసలి జిన్ను భూతం. ముగ్గురూ తాళ్ళు కట్టి, పలకలు వాల్చి, బకెట్లు వేలాడదీసి కోట దాటాలి. జిన్నును పొగిడితే బండరాయంత బరువెక్కుతాడు. తిడితే సిగ్గుపడి దూదిలా తేలిపోతాడు. ఎప్పుడు పొగడాలో, ఎప్పుడు తిట్టాలో తెలిస్తేనే వంతెన దిగుతుంది. తాడు తాడులా ఊగాలి, నీళ్ళు నీళ్ళలా ఒలకాలి అని రహఫ్ అన్నం మానేసి కూర్చున్న రోజులున్నాయి.

ఆట పూర్తయ్యాక ముందుగా చుట్టాలకి చూపించి, తలా ఒక కాపీ ఇచ్చింది. అందరూ ఆడారు. ఆడారంటే, మొదటి బావిలో పడ్డారు. పడి, లేచి, "దేవుడు నీ చేతులు చల్లగా చూడాలి!" అన్నారు.

"ఎలా ఉంది అత్తా?"

"అద్భుతం! ఆ ఒంటె ఎంత బాగుందో!"

ఆటలో ఒంటె లేదు.

సహ్బాన్ మాత్రం పొగడలేదు. తెర దగ్గరికి ముక్కు ఆనించి చాలాసేపు చూసి, "ఈ పలక వెనక ఎవరున్నారు?" అని అడిగి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. రహఫ్ ఆ రాత్రి ఏడ్చింది. తిట్టినా బాగుండేదనుకుంది.

ఆట అమ్మకానికి పెట్టిన రోజు వంశంలో పెద్ద, హాజీ మిఫ్లెహ్ రంగంలోకి దిగాడు. ఆయన అప్పటిదాకా ఎన్నికల్లో ఓట్లు వేయించడమే తప్ప నక్షత్రాలు వేయించి ఎరగడు. అయినా పద్ధతి ఒకటేగా. "మన పిల్ల! ప్రతి ఇంటి నుంచీ ఐదేసి నక్షత్రాలు పడాలి. వేయనివాడు నా ముందుకి రాకూడదు!" అని కబురు పంపాడు. వద్దు, ముంచేస్తారు అన్నాడు సహ్బాన్. సహ్బాన్ దేన్ని వద్దనలేదు కనుక? ఎవరూ పట్టించుకోలేదు.

సాయంత్రానికల్లా ఆటలమ్మే ఆ సైటులో పొగడ్తల వర్షం. రహఫ్ ఒక్కొక్కటే చదువుతుంటే ఆమె ముఖం పాలిపోయింది.

"చాలా మంచి ఆట. నేను ఆడలేదు. వాళ్ళ నాన్న నాకు తెలుసు."

"ఐదు నక్షత్రాలు. మందుల షాపు ఫవ్వాజ్ తరఫున శుభాకాంక్షలు. శుక్రవారం కూడా తెరిచే ఉంటాం."

"మా మేనకోడలు. పెళ్ళి కాలేదు. మంచి పిల్ల."

మర్నాడు వాటన్నిటి కిందా ఒకే ఒక్క నక్షత్రంతో ఒక అభిప్రాయం వచ్చింది. రాసినవాడి పేరు చేదు ఆలివ్. "ఆరో బావిలో బకెట్‌లో సగం నీళ్ళు ఒలికిపోయాయి. బకెట్ బరువు మాత్రం తగ్గలేదు. మిగతా బరువు ఎక్కడ దాచారు? జిన్ను సిగ్గుపడ్డాక ఇంత త్వరగా ఎందుకు తేరుకున్నాడు? అతనికి ఎవరు సాయం చేస్తున్నారు? వంతెన ఊగుతున్నప్పుడు వచ్చే చప్పుడు నమ్మేట్టుగా ఉంది. అందుకే నాకు అనుమానంగా ఉంది." ఇలా పేజీన్నర.

ఆ మర్నాడు సైటువాళ్ళ దగ్గర్నుంచి హెచ్చరిక. ఈ పొగడ్తలు నకిలీవని మాకు అనుమానంగా ఉంది. నిజంగా ఆడినవాళ్ళున్నారని తేలకపోతే వారాంతానికి ఈ ఆటను తీసేస్తాం.

రహఫ్ మంచమెక్కింది. హాజీ మిఫ్లెహ్ మాత్రం లెక్క తేల్చేశాడు. "నిన్నటిదాకా అంతా సవ్యంగా ఉంది. ఈ ఆలివ్‌గాడు వచ్చాడు, హెచ్చరిక వచ్చింది. వాడే శత్రువు! వాడి ఇంటికి జాహా కడదాం."

జాహా అంటే మాటలు కాదు. పెద్దలంతా కోట్లు తొడుక్కుని, వరసగా నడిచి, ఒకరి గడప తొక్కుతారు. ఆ ఇంటాయన కాఫీ పోస్తాడు. జాహాకి పెద్దగా వచ్చినాయన కప్పు ముట్టుకోడు, అలా కింద పెట్టేస్తాడు. "మా కోరిక ఒకటుంది" అంటాడు. "తీరింది, కాఫీ తాగు" అని ఇంటాయన అనేదాకా పెదవి తడపడు. పెళ్ళిళ్ళు అలా కుదిరాయి, పగలు అలా ఆరాయి. ఒక నక్షత్రం కోసం జాహా కట్టడం మాత్రం లోకంలో అదే మొదలు.

"అంతా బాగుంది తాతా, వాడిల్లు ఎక్కడ?" అన్నాడు రహఫ్ అన్న నాయిఫ్.

"అది కనిపెట్టడానికి సహ్బాన్ ఉన్నాడుగా! వాడే మన జాహా ముందు నడుస్తాడు. ఎంతమంది దొంగల నోళ్ళు విప్పించినవాడు!"

బుధవారం మధ్యాహ్నం అందరూ సహ్బాన్ ఇంటికి వెళ్ళారు. రహఫ్‌ని కూడా లాక్కెళ్ళారు. అన్యాయానికి గురైన పిల్లను చూస్తే ఎవరి మనసైనా కరుగుతుందని హాజీ లెక్క. ఆమె ఫోనులో పొద్దుటి నుంచి సైటువాళ్ళ కొత్త ఉత్తరం ఒకటి పడి ఉంది. తెరవడానికి చెయ్యి రాలేదు.

సహ్బాన్ తలుపు సందులోంచి ఒక్కొక్కరినీ పైనుంచి కిందికి పరీక్షించి లోపలికి వదిలాడు. కాఫీ ఆయనే కాచాడు. ఇంకొకరు కాచిన కాఫీ ఆయన నమ్మడు. అందరూ తాగారు. హాజీ మిఫ్లెహ్ రెండు కప్పులు తాగి, చాలని కప్పు ఆడించాడు. రహఫ్ మాత్రం కప్పు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"సహ్బాన్," అన్నాడు హాజీ గొంతు సవరించుకుని, "చేదు ఆలివ్ అనే దుర్మార్గుడొకడున్నాడు. వాడి ఇంటికి జాహా వెళుతున్నాం. ముందు నువ్వు నడవాలి."

"నేను రాలేను హాజీ."

"ఎందుకని?"

"నేను వస్తే ఆ ఇంట్లో మీకు తలుపు ఎవరు తీస్తారు?"

ముందుగా నాయిఫ్‌కి అర్థమైంది. "పెదనాన్నా! నువ్వా?"

"కూర్చో. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. జాహా చేరుకుంది."

హాజీ మిఫ్లెహ్ ముఖం దానిమ్మ పండైంది. చటుక్కున కప్పు కింద పెట్టాడు. "అయితే మా కోరిక ఒకటుంది! ఆ రాత తీసెయ్. తీసేదాకా ఈ కాఫీ ముట్టను!"

"ఏ కాఫీ?"

హాజీ కప్పులోకి చూశాడు. అడుగున యాలక్కాయ తొక్క ఒకటి కనిపించింది.

"రెండు కప్పులు తాగారు. నా ముందే ఆడించారు," అన్నాడు సహ్బాన్. "తాగాక కోరిక ఏమిటి హాజీ? ఇక వ్యవహారం లేదు."

ఇంతమంది పెద్దమనుషులు, ఇన్ని పగలు ఆర్పినవాళ్ళు, కాఫీ ముందు తాగేసి కోరిక తరవాత అడిగారు. ఇర్బిద్‌లో ఇంతకంటే తలవంపు లేదు. ఒకాయన తన కప్పులో మిగిలిన చుక్కను ఆశగా చూసి, కాదులే అని నిట్టూర్చాడు.

"పెదనాన్నా," అంది రహఫ్. "నా మీద నీకంత కోపమేంటి? మొహం మీద చెప్పొచ్చుగా?"

సహ్బాన్ కిటికీ వైపు తిరిగాడు. బుతైనా పెద్దమ్మకి ఇక ఓపిక పోయింది.

"కోపమా! మీరంతా నక్షత్రాలు కుమ్మరించిన సాయంత్రం ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? 'ఇన్ని పొగడ్తలతో లారీ వస్తే నేనే గేటు దించేవాణ్ణి, ఆ సైటువాడు దించడా? పిల్లని ముంచేశారు' అన్నాడు. ఆ ఆట చూసిన రోజు నుంచీ తెల్లారగానే నమాజు చేసుకుని దాని ముందే కూర్చుంటున్నాడు. బొటనవేళ్ళు వాచిపోయాయి. ఆలివ్ నూనె కాచి పట్టిస్తున్నాను. నేను వండింది ఎలా ఉందని ఇన్నేళ్ళలో అడగలేదు, 'ఆ జిన్నును ఏమని తిడితే సిగ్గుపడతాడంటావు?' అని నన్నడుగుతాడు!"

"బుతైనా, ఇవన్నీ ఎందుకు చెబుతున్నావు? నీ వెనక ఎవరున్నారు?"

"గోడ ఉంది."

రహఫ్‌కి అప్పుడు తట్టింది. ఆరో బావిలో బకెట్ తప్పు చెప్పాలంటే ఐదు బావులు దాటాలి. ఊరంతటిలో మొదటి బావి దాటినవాడు ఈయనొక్కడే. "మరి అంత దూరం ఆడి, ఒక్క నక్షత్రం ఎందుకిచ్చావు?"

"ఐదిస్తే నేను ఇంకో పెదనాన్నని, అంతే. ఒకటిస్తే ఎవడో ఒకడు కొట్లాటకి వస్తాడు. కొట్లాటకి వచ్చాడంటే ఆడినవాడన్నమాట. ఆ కింద చదువు."

నాయిఫ్ ఫోను తీసి చేదు ఆలివ్ రాత కిందికి వెళ్ళాడు. కింద పెద్ద యుద్ధం జరుగుతోంది. ఫెజ్ ఊరి నుంచి ఒకావిడ ఈ ఆట బంగారం అని రాసింది. చేదు ఆలివ్: "నమ్మను. ఆడి ఉంటే ఆరో బావి గోడ మీద ఏముందో చెప్పు." ఆవిడ: "పావురం. దానికి ఒక కన్నే ఉంది. నీకు అదీ లేనట్టుంది, ముసలాడా." చేదు ఆలివ్: "నేను ముసలాణ్ణని నీకెవరు చెప్పారు?"

అలెగ్జాండ్రియా ఓడరేవులో పనిచేసే ఒకాయన, నా బతుకంతా తాళ్ళతోనే, ఈ ఆటలో తాడు అసలు తాడే అన్నాడు. "అయితే ఎంత బరువుకి తెగుతుందో చెప్పు" అని అడిగాడు ఆలివ్. ఆయన మళ్ళీ మొదటి నుంచి ఆడి, జిన్నును మూడుసార్లు పొగిడి, తాడు తెంపి, వచ్చి జవాబు చెప్పి, తిట్టి వెళ్ళాడు. బస్రా కుర్రాడొకడు నాలుగో వంతెన దగ్గర ఏడ్చి, దాటాక చప్పట్లు కొట్టానన్నాడు. "ఏడ్చినట్టు సాక్ష్యం ఉందా?" ఆలివ్ ప్రశ్న కింద వాళ్ళక్క సాక్ష్యం చెప్పింది. ఇలా పేజీలకి పేజీలు. ప్రతివాడికీ గేటు దగ్గర ఆపి తనిఖీ. ప్రతివాడూ కసికొద్దీ ఆడి నిరూపించుకున్నవాడే.

రహఫ్ పొద్దుటి ఉత్తరం తెరిచింది. ఒకసారి మనసులో చదువుకుంది, తరవాత పైకి చదివింది. బంధువుల పొగడ్తలన్నీ తీసేశారు. చేదు ఆలివ్‌తో తగాదా పడినవాళ్ళందరూ నిజమైన ఆటగాళ్ళేనని తేలింది. ఆట ఉంటుంది.

గదంతా లేచి నిలబడింది. "చూశారా, జాహా బలం!" అన్నాడు హాజీ మిఫ్లెహ్.

సహ్బాన్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆయన చూపు రహఫ్ చేతిలోని కప్పు మీద ఆగింది. అది ఇంకా నిండుగానే ఉంది.

"నువ్వు తాగలేదు," అన్నాడు. "నీకు కోరిక ఉంది. అడుగు."

రహఫ్ కప్పు బల్ల మీద పెట్టింది. నక్షత్రాలు పెంచమంటుందని అందరూ మెడలు సాచారు.

"ఆ ఒక్క నక్షత్రం అలాగే ఉంచు పెదనాన్నా. బకెట్ బాగుచేస్తాను. నువ్వు మళ్ళీ ఆడి, నమ్మినప్పుడే మార్చు."

సహ్బాన్ కళ్ళు చిన్నవి చేసి చాలాసేపు ఆమెను చూశాడు. "ఇలా అడగమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"తీరింది. కాఫీ తాగు."

ఆమె ఒక గుక్క తాగి ఆగిపోయింది. "పెదనాన్నా, గింజలు మాడాయి."

ఇంటాయన మొహం మీద, అదీ పెద్దల ముందు, అతని కాఫీని అంత మాట ఎవరూ ఎప్పుడూ అని ఉండరు. సహ్బాన్ కాఫీ కూజా మూత తీసి వాసన చూశాడు. మెల్లగా ఆయన ముఖమంతా నవ్వు పాకింది. ఆయన పళ్ళు చూడటం రహఫ్‌కి అదే మొదటిసారి.

"మాడాయి! పొద్దున వేయించినప్పుడే నాకు తెలుసు," అన్నాడు. "ఇంతమంది తాగారు, ఒక్కడైనా నోరు విప్పాడా? ఉండమ్మా, నీకు మళ్ళీ కాస్తాను."

ఆయన వంటింట్లోకి వెళ్ళాక హాజీ మిఫ్లెహ్ పక్కవాడి చెవిలో గొణిగాడు.

"నాకు మొదటి కప్పులోనే అనిపించింది సుమా."